జీవితవాక్యమునకు అర్థము



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ప్రవచనములు జరుగునప్పుడు, హారతి అయిన తరువాత కొందరు భక్తులు వెంటనే ఇంటికి పోరు. జనము పలుచబడు వరకు స్తంభము ప్రక్కన నిలిచియుందురు. తరువాత దగ్గరకు వచ్చి, ఎవరును వినకుండునట్లు అడుగుదురు: "అయ్యగారూ, ఇల్లున్నది, పొలమున్నది, పిల్లలు స్థిరపడినారు. అయినను ఎందుకు బ్రతుకుచున్నానో తెలియుట లేదు. రాత్రి నిద్ర రాదు, ఉదయము లేవబుద్ధి కాదు. దీనికేమైన శాంతి చేయింపవలెనా?"

ఈ ప్రశ్న అడుగువారు సోమరులు కారు, నాస్తికులును కారు. ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడు ఒకరు. పిల్లలందరు విదేశములకు పోగా పెద్ద యింటిలో ఒంటరిగా మిగిలిన తల్లి ఒకరు. పరీక్ష తప్పిన కుమారుని వెంటబెట్టుకొని వచ్చిన తండ్రి మరొకరు. అందరి ప్రశ్నయు ఒక్కటే. అందుచేత నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గ్రహించితిమి.

ఈ సీమ కఱవు నెఱిగిన సీమ. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడినది. 1967లో కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ పారిన మేర మెట్టనేలలు మాగాణులైనవి. జొన్నసంకటి తిన్న ఇండ్లలో వరి అన్నము ఉడికినది. మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు వెలసినవి. హైదరాబాదు, విజయవాడల నడుమ రహదారి విశాలమై సూర్యాపేట, కోదాడలకు వ్యాపారము పెరిగినది. ఇది అంతయు పెద్దల కష్టఫలము, దైవకృప. ఆకలికి చాలవరకు కాలువ సమాధానము చెప్పినది. కాని మనస్సులోని వెలితికి సమాధానము ఏ కాలువ వెంటను రాదు. దానిని మనము వేరుచోట వెదకవలసియున్నది.

ఈ వెలితి క్రొత్తది కాదు

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున నారదమహర్షి కథ యున్నది. నారదుడు సనత్కుమారుల సన్నిధికి శిష్యుడై వచ్చెను. ఏమేమి చదివితివని గురువు అడుగగా, నాలుగు వేదములు, ఇతిహాసపురాణములు, గణితము, నక్షత్రవిద్య మొదలుగా తాను నేర్చిన విద్యల పట్టిక యంతయు చెప్పెను. చెప్పి, ఇన్ని చదివియు తాను దుఃఖములోనే యున్నాననియు, మంత్రములు తెలిసినవి గాని ఆత్మ తెలియలేదనియు, ఈ శోకమునుండి దాటింపుమనియు వేడుకొనెను. సనత్కుమారులు ఆయనను మందలింపలేదు. ఇంత చదివినవానికి దుఃఖమేమి యని పరిహసింపలేదు. ఒక్కొక్క మెట్టు ఎక్కించుచు భూమవిద్యను, అనగా అల్పమునందు సుఖము లేదు, అనంతమునందే సుఖమున్నదను విద్యను బోధించిరి.

శ్రీమద్భాగవతము ప్రథమస్కంధమున మరియొక ఘట్టమున్నది. వ్యాసభగవానుడు వేదములను విభజించెను, మహాభారతమును రచించెను. ఒక మనిషి చేయదగిన పనులలో ఇంతకంటె గొప్పది మరి యేమున్నది? అయినను సరస్వతీనదీతీరమున కూర్చుండి, తనకు తృప్తి కలుగలేదని చింతించుచుండెను. అప్పుడు వచ్చినవాడెవరు? ఆ నారదుడే. లోకమునకు ధర్మములన్నియు చెప్పితివి గాని భగవంతుని యశస్సును తనివితీర కీర్తింపలేదు, వెలితి అదియే యని తెలిపెను. ఆ వెలితినుండియే భాగవతము పుట్టినది.

ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకనాడు శోకముతో గురువు ముంగిట నిలిచిన నారదుడే, మరియొకచోట శోకించువాని వద్దకు గురువై వచ్చుచున్నాడు. దీనినుండి మనము రెండు విషయములు గ్రహింపవలెను. మొదటిది: వెలితి తోచుట పాపము కాదు, అవమానము కాదు. వ్యాసునకు తోచినది మనకు తోచిన తప్పేమున్నది? రెండవది: దుఃఖమును దాటినవాడు ఇతరుల దుఃఖమును గుర్తుపట్టగలడు. నేడు మనము పడుచున్న బాధ రేపు మరియొకనికి దారి చూపుటకు అక్కరకు రావచ్చును.

అర్థము అను మాట

మన భాషలో "అర్థము" అను శబ్దమును గమనింపుడు. మాటకు అర్థము అందుము, అచ్చట అది భావము. అర్థార్జన అందుము, అచ్చట అది ధనము. పురుషార్థము అందుము, అచ్చట అది మానవుడు కోరదగిన ప్రయోజనము. ధనము, ప్రయోజనము, భావము అను మూడింటికిని ఒకే శబ్దముండుటచే మనము తరచు పొరబడుచున్నాము. ధనమను అర్థము చేకూరినచో జీవితమునకు భావమను అర్థము దానంతటదియే వచ్చునని తలంతుము. అది రాదు.

మరి మాటకు అర్థము ఎట్లు వచ్చును? తర్కమీమాంసలు చదువు బాలునకు పాఠశాలలో ఇది తొలినాళ్ల పాఠము. విడిమాటకు పూర్ణమైన అర్థము లేదు. వాక్యములో చేరినప్పుడే అది పూర్ణమగును. వాక్యమునకు అర్థము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెను. నాలుగవదిగా తాత్పర్యమును గూడ చెప్పుదురు. మన జీవితమును సైతము ఒక పదమువంటిది. ఒంటరిగా పెట్టి దీని అర్థమేమని అడిగినచో ఎంత తెలివిగలవాడైనను చెప్పలేడు. "నా జీవితమునకు అర్థమేమి" అని తలుపులు మూసికొని ఆలోచించువానికి జవాబు దొరకకపోవుటకు కారణమిదియే. ఈ నాలుగింటిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

ఆకాంక్ష

"బియ్యము, దీపము, రోలు, వాన" అని నాలుగు మాటలు వరుసగా పలికినచో అది వాక్యము కాదు. ఒక మాటకు మరియొక మాటతో పని లేదు. "తల్లి బిడ్డకు అన్నము" అనినంతనే విను చెవి "పెట్టినది" అను మాటకొఱకు ఎదురుచూచును. ఆ ఎదురుచూపే ఆకాంక్ష. జీవితములోను అంతే. మనకొఱకు ఎదురుచూచు పని ఒకటి, మనిషి ఒకడు ఉండవలెను. ఉద్యోగవిరమణ నాటివరకు ఉపాధ్యాయునికొఱకు నలువదిమంది పిల్లలు ఎదురుచూచిరి. మరునాటినుండి ఎవరును చూడలేదు. ఆయనకు తగ్గినది జీతము కాదు, ఆకాంక్ష.

దీనికి మన పెద్దలు చూపిన ఉపాయము సప్తసంతానములు. పుత్రుడు, చెరువు, నిధి, అగ్రహారము, దేవాలయము, తోట, కృతి అని ఏడింటిని సంతానములుగా లెక్కించిరి. ఇందులో కన్నబిడ్డ ఒక్కటి మాత్రమే. తక్కిన ఆరింటికిని పిల్లలున్నను లేకున్నను, వారు దగ్గరనున్నను దూరమునున్నను అడ్డు లేదు. సంతానము లేనివారు, సంతానము దూరమైనవారు తమ వాక్యము ముగిసినదనుకొనకుండుటకే ఈ ఏర్పాటు.

సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱిని చూడుడు. కాకతీయుల కాలమున రేచర్ల రెడ్డి నాయకులు అచ్చట శివాలయములు నిర్మించిరి. నామేశ్వరాలయమున 1195 నాటి శాసనము, ఎరకేశ్వరాలయమున గణపతిదేవుని కాలపు 1208 నాటి శాసనము నేటికిని నిలిచియున్నవి. కాకతీయుల కాలమున గుడి వెలసిన చోట చెరువును వెలయించుట ఆచారము. ఆ యూరివాడైన పిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి పదునైదవ శతాబ్దమున కృతులు రచించి సాళువ నరసింహరాయని మన్నన పొందెను. గుడియు కృతియు రెండును సప్తసంతానములే. కట్టించినవారు పోయి ఎనిమిది వందల యేండ్లు దాటినది. అయినను దీపము పెట్టువాడు ఆ గుడికొఱకు ఉదయమే లేచుచున్నాడు.

మనమందరము గుడులు కట్టలేము. కాని గుడి కోనేటి మెట్లు ఊడ్చువాడు, వీధిబడి పిల్లలకు సాయంకాలము లెక్కలు చెప్పువాడు, వేసవిలో బాటసారులకు చలివేంద్రము నడపువాడు తనకొఱకు ఎదురుచూచు పని నొకదానిని సంపాదించుకొన్నవాడే. ఇచ్చట ఒక సందేహము రావచ్చును. ఫలము కోరక కర్మ చేయుమని గీత చెప్పినదిగదా, ప్రయోజనము వెదకుట దానికి విరుద్ధము కాదా యని. విరుద్ధము కాదు. ఫలాసక్తిని విడువుమని భగవానుడు చెప్పినాడు గాని ప్రయోజనమును విడువుమని చెప్పలేదు. లోకసంగ్రహము, అనగా లోకమును నిలుపుట, కర్మకు ప్రయోజనమని అక్కడనే బోధించినాడు. నాకేమి దొరకునని అడుగుట ఆసక్తి. నా వలన ఎవరికి ఏమి జరుగవలసియున్నదని అడుగుట ఆకాంక్ష.

యోగ్యత

"నిప్పుతో పొలము తడిపినాడు" అను వాక్యములో మాటలకు ఒకదానితో ఒకటికి పనియున్నది, కాని పొందిక లేదు. తడుపు యోగ్యత నిప్పునకు లేదు. దోషము నిప్పుది కాదు. దానిని ఆ వాక్యములో పెట్టినవానిది.

ఈ మాట తల్లిదండ్రులు హృదయమున నిలుపుకొనవలెను. పొరుగువాని కుమారుడు ఇంజనీరు అయినాడు కనుక మన కుమారుడును కావలెనని పిల్లవానిని వానికి పొసగని వాక్యములో ఇరికించుచున్నాము. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ పరీక్షాఫలితములు వెలువడిన తరువాత తెలంగాణమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. పదునేడు, పదునెనిమిదేండ్ల బిడ్డలు. అంకెల కాగితము జీవితవాక్యములో ఒక మాట. ఆ ఒక్కమాట తప్పినంతనే వాక్యమంతయు వ్యర్థమని ఆ పసివాండ్రకు తోచునట్లు చేసినది ఎవరు? ఈ ప్రశ్నను ప్రతి యింటివారును తమను తాము అడుగవలసియున్నది. పరధర్మము భయము కలిగించునని, స్వధర్మము కొఱతపడినను మేలని గీతాచార్యుడు చెప్పినది ఇటువంటి స్థితిని గుఱించియే యని గ్రహింపుడు.

యోగ్యత కాలమునుబట్టి మాఱును. ఆశ్రమధర్మములను నాలుగుగా విభజించుటలో రహస్యమిదియే. నలువదవ యేట ఇల్లు నడపువాడు, డెబ్బదవ యేట కొడుకు నడపుచున్న ఇంటిని మరల తానే నడపబూనినచో ఇరువురికిని మనశ్శాంతి యుండదు. ఆజ్ఞ యిచ్చుటకు ఒక వయస్సున్నది. అడిగినప్పుడు మాత్రము ఆలోచన చెప్పుటకు ఒక వయస్సున్నది. రెండవది మొదటిదానికంటె తక్కువది కాదు, వేఱు పాత్ర మాత్రమే.

సన్నిధి

వాక్యములోని ఒక మాట ఉదయము, మరియొక మాట మధ్యాహ్నము, మూడవది రాత్రి పలికినచో వినువానికి అర్థము కలుగదు. మాటలు చేరువగా ఉండవలెను. మనుష్యులును అంతే. కుమారుడు అమెరికాలో, కుమార్తె బెంగుళూరులో, తల్లి కోదాడలో. ప్రేమయున్నది, ధనమున్నది, ఫోనున్నది, సన్నిధి లేదు. దీనికి పిల్లలను నిందించి ప్రయోజనము లేదు. బ్రతుకుతెరువు వారిని తీసికొనిపోయినది. దూరమైన సన్నిధికి బదులు దగ్గరి సన్నిధిని కల్పించుకొనుటయే మార్గము.

సూర్యాపేట ప్రక్కన దురాజుపల్లి పెద్దగట్టున లింగమంతులస్వామి జాతర రెండేండ్లకొకసారి జరుగును. లక్షలజనము గుట్టపైకి చేరుదురు. అచ్చటికి పోయినవాడు తత్త్వవిచారము చేయడు. అయినను తిరిగి వచ్చునప్పటికి మనస్సు తేలికపడును. తాను ఒంటరివాడను కానని శరీరమునకే తెలిసినది గనుక.

కృష్ణాతీరమున మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రమున్నది. మనోవ్యథలతోను దీర్ఘరోగములతోను వచ్చిన భక్తులు అచ్చట 11 దినములు నిద్రచేసి, నదీస్నానము చేసి, నియమముగా ప్రదక్షిణములు చేయు సంప్రదాయమున్నది. స్వామి కటాక్షమును కొలుచుటకు మనము చాలము. కాని నియమములోని వివేకమును గమనింపవచ్చును. తెల్లవారకముందే లేచుట, చల్లని నీటి స్నానము, నడక, మితాహారము, ఒకే నామము, చుట్టును అదే బాధతో వచ్చిన తోడివారు. కుంగిన మనస్సు మొట్టమొదట పోగొట్టుకొనునవి ఇవియే: వేళ, నడక, ఆకలి, తోడు. వానినే క్షేత్రము మరల చేతికిచ్చుచున్నది.

మిర్యాలగూడ చేరువను కృష్ణా మూసీ సంగమమున వాడపల్లి యున్నది. అచ్చటి లక్ష్మీనరసింహస్వామి గర్భాలయమున రెండు దీపములు వెలుగును. స్వామి ముఖమునకు సమీపమున నున్న దీపము కదలాడుచుండుననియు, అది స్వామి ఉచ్ఛ్వాసనిశ్వాసముల గాలియనియు, క్రింద నున్న దీపము నిశ్చలముగా నుండుననియు భక్తుల విశ్వాసము. రెండింటిలోను నూనె ఒక్కటే, రెండును ఒకే గదిలో నున్నవి. మన మనస్సు చలించినంతనే దేవుడు దూరమైనాడని భయపడనక్కరలేదని ఆ దీపము చెప్పుచున్నది. చలించు దీపమును సన్నిధిలోనే యున్నది. చలించుట వేఱు, ఆరిపోవుట వేఱు.

తాత్పర్యము

"సైంధవము తెమ్ము" అని యజమాని సేవకునితో అనెను. ఆ శబ్దమునకు ఉప్పు అనియు, గుఱ్ఱమనియు రెండర్థములు. భోజనవేళ ఉప్పు తేవలెను. ప్రయాణవేళ గుఱ్ఱమును తేవలెను. పలికినవాని అభిప్రాయము తెలిసినగాని అర్థము తేలదు. ఆ అభిప్రాయమే తాత్పర్యము. జీవితవాక్యమును పలికినవాడు ఈశ్వరుడు. మనము వాక్యము నడుమనున్న ఒక పదము. కావున కొన్ని దుఃఖముల అర్థము మనకు వెంటనే తేలదు.

మార్చుటకు వీలులేని దుఃఖము వచ్చినప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను పాశ్చాత్యదేశమున తన బ్రతుకుతో పరీక్షించినవాడు వియన్నా నగరపు మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్. ఆయన 1905లో పుట్టి 1997లో గతించెను. యూదుడగుటచే 1942లో నాజీలు ఆయనను నిర్బంధశిబిరమునకు పంపిరి. తండ్రి, తల్లి, సోదరుడు, భార్య ఆ దారుణములో మరణించిరి. జీవితమంతయు శ్రమించి వ్రాసిన గ్రంథపు ప్రతిని సైతము ఆష్‌విట్జ్‌లో లాగివేసిరి. 1945లో విడుదలయై, మరుసటి యేట ఆ యనుభవములను గ్రంథముగా ప్రకటించెను. మనిషికి అర్థము మూడు దారుల లభించునని ఆయన సిద్ధాంతము: ఒక పనిని సాధించుట, ఒకరిని ప్రేమించుట, తప్పించుకొనలేని దుఃఖము ఎదుట తాను ఎట్లు నిలువవలెనో నిర్ణయించుకొనుట. తన చికిత్సకు పేరు పెట్టుటకు గ్రీకుభాషలోని లోగోస్ అను శబ్దమును గ్రహించెను. దానికి వాక్కు అనియు, అర్థమనియు భావములున్నవి. వాగర్థములను విడదీయని మన సంప్రదాయమునకు ఈ మాట పరాయిది కాదు.

మన సీమలోనే చూడుడు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు దేశముకొఱకు ప్రాణమర్పించెను. 2021లో దేశము ఆయనకు మహావీరచక్ర ప్రకటించినది. సూర్యాపేటలో ఆయన విగ్రహము నిలిచినది. చక్రముగాని విగ్రహముగాని పోయిన మనిషిని తిరిగి ఇంటికి తేలేవు. అర్థము దుఃఖమును తుడిచివేయదు. దుఃఖించువానికి నిలువ నేల చూపును, అంతే. ఆ నేల చాలును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. తన దుఃఖమునకు తాను తాత్పర్యము వెదకికొనవచ్చును. పరుల దుఃఖమునకు మనము తాత్పర్యము చెప్పరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో "నీ పూర్వకర్మ" యనుట శాస్త్రము కాదు, క్రౌర్యము. కర్మసిద్ధాంతము మనలను మనము దిద్దుకొనుటకు ఇయ్యబడినది గాని ఇరుగుపొరుగువారిని తూకము వేయుటకు కాదు. ఆ తల్లి వద్ద చేయదగినది ప్రక్కన కూర్చుండుట, వేళకు ఇంత అన్నము పెట్టుట. తాత్పర్యము తెలియనిచోట సన్నిధి చాలును.

వైద్యము, ఉపాసన

మనోవ్యథ యంతయు అర్థము లేమివలననే కలుగునని మేము చెప్పుట లేదు. శరీరమునకు జ్వరము వచ్చినట్లే మనస్సునకును వ్యాధి వచ్చును. వారములతరబడి నిద్ర లేకున్నను, ఆహారము సహింపకున్నను, చావవలెనను తలంపు వచ్చుచున్నను అది వైద్యునికి చూపవలసిన వ్యాధి. కేంద్రప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. క్షేత్రమునకు పోవునప్పుడు వైద్యుడిచ్చిన మందు మానరాదు. ఆయుర్వేదమును ఉపవేదమని మనమే చెప్పుదుము. ఔషధమును నిరాకరించుట భక్తి కాదు. మందు మనస్సును నిలుపును. నిలిచిన మనస్సు ఎటు నడువవలెనో ఉపాసన చెప్పును.

సాయంసంధ్యలో నాలుగు ప్రశ్నలు

ఇంతవరకు చెప్పినదానిని ఆచరణలోనికి తెచ్చుటకు సులభమైన నియమము ఒకటి యున్నది. ప్రతిదినము సాయంకాలము దీపము వెలిగించిన తరువాత కొంతసేపు కూర్చుండి నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. రేపు నాకొఱకు ఎదురుచూచు పని యేది, మనిషి యెవరు? ఇది ఆకాంక్ష. ఆ పని నా వయస్సునకు, శక్తికి, స్వభావమునకు పొసగునదియేనా? ఇది యోగ్యత. నేడు ఎవరి ప్రక్కన కూర్చుంటిని, ఎవరిని దూరము చేసితిని? ఇది సన్నిధి. నాకు తెలియక మిగిలినదానిని ఈశ్వరునికి అప్పగించితినా? ఇది తాత్పర్యము.

మొదటి ప్రశ్నకు జవాబు లేని దినములుండును. అప్పుడు కలత చెందక, ఒక చిన్నపనిని మీరే నియమించుకొనుడు. తులసికోటకు నీరు పోయుట, గుడిలో ఒక పూలమాల కట్టుట, మంచము పట్టిన పొరుగువానిని పలుకరించుట. మరునాడు ఆ తులసి మీకొఱకు ఎదురుచూచును, ఆ పొరుగువాడు గుమ్మమువైపు చూచును. అర్థము ఇంతటి చిన్న ద్వారముననే ఇంటిలో ప్రవేశించును. పెద్ద ద్వారముకొఱకు కాచుకొనియుండి చిన్నదానిని మూసివేయవలదు.

అర్వపల్లి యోగానందలక్ష్మీనరసింహుడు, మట్టపల్లి నారసింహుడు, వాడపల్లి నారసింహుడు ఈ సీమను మూడు దిక్కుల కాచుచున్నారు. స్తంభమునుండి వెలువడి ప్రహ్లాదుని ఒంటరితనమును పోగొట్టిన ఆ స్వామి, మీ యిండ్లలో దిగులుపడియున్న ప్రతి హృదయమునకు తోడై నిలుచుగాక. మీ జీవితవాక్యములు సార్థకములగుగాక.

స్వస్తి.